జాయిస్ ‘పోర్ట్రెయిట్’ నవల: కథన దృక్కోణం, శైలి

‘ఎ పోర్ట్రెయిట్ ఆఫ్ ది ఆర్టిస్ట్ యాజ్ ఎ యంగ్ మ్యాన్’ ఐర్లండ్ రచయిత జేమ్స్ జాయిస్ (1882–1941) తొలి నవల. లండన్‌లోని ‘ది ఈగోయిస్ట్’ పత్రికలో 1914 ఫిబ్రవరి 2 నుంచి 1915 సెప్టెంబరు 1 వరకు సీరియల్‌గా వచ్చింది. 1916 డిసెంబరు 29న న్యూయార్క్‌లో బి. డబ్ల్యు. హ్యూబ్ష్ దీన్ని పుస్తకంగా వేశాడు. స్టీఫెన్ డెడాలస్ అనే పిల్లవాడు డబ్లిన్‌లో పెరిగి, చదువుకుని, చివరికి ఇంటినీ మతాన్నీ దేశాన్నీ వదిలి రచయిత కావాలని బయల్దేరడం ఇందులోని కథ. స్టీఫెన్ చదివిన క్లాంగోస్ వుడ్, బెల్వెడేర్ బడులూ, యూనివర్సిటీ కాలేజీ జాయిస్ చదివినవే. స్టీఫెన్ తండ్రి సైమన్ అప్పుల్లో కూరుకుపోయి ఇళ్లు మారుస్తూ పోవడం జాయిస్ తండ్రి జాన్ జీవితంలో జరిగిందే. అయినా ఇది ఆత్మకథ కాదు, నవలే. సొంత బతుకును నవలగా మలిచే ప్రతి రచయితకూ ఒక చిక్కు ఎదురవుతుంది: కథ ఎవరి నోట చెప్పించాలి, ఎంత దూరం నుంచి చెప్పించాలి? జాయిస్ ఈ చిక్కుతో పదేళ్లు పెనుగులాడాడు. చివరికి ప్రథమ పురుషలోనే కథ నడుపుతూ, కథకుడి గొంతు కూడా పాత్రతో పాటు వయసు పెంచుకుంటూ పోయేలా చేశాడు. ఈ నవల గొప్పతనం చాలావరకు అక్కడే ఉంది.

‘నేను’ అనాలా, ‘అతను’ అనాలా

జాయిస్‌కు ముందూ, ఆయన కాలంలోనూ ఇంగ్లిష్, ఫ్రెంచి నవలాకారులు ఈ చిక్కును రకరకాలుగా విప్పుకున్నారు. డికెన్స్ పన్నెండేళ్ల వయసులో బూటు పాలిష్ ఫ్యాక్టరీలో జాడీలకు కాగితాలు అంటించే పని చేశాడు. ఆ అవమానాన్ని ‘డేవిడ్ కాపర్‌ఫీల్డ్’ (1849–50) లో ఉత్తమ పురుషలో రాశాడు. అందులో మాట్లాడేది పెద్దవాడై స్థిరపడిన డేవిడ్. పిల్లవాడి బాధ మనదాకా వచ్చేసరికి పెద్దవాడి సానుభూతీ, హాస్యమూ దానికి తోడవుతాయి. శామ్యూల్ బట్లర్ ‘ది వే ఆఫ్ ఆల్ ఫ్లెష్’ (1903) లో తన బాల్యాన్ని ఎర్నెస్ట్ అనే పాత్రకిచ్చి, కథ చెప్పే పనిని అతని జ్ఞానపిత ఓవర్టన్‌కు అప్పగించాడు. రచయిత తనను తాను రెండుగా చీల్చుకుని, ఒకడు బతుకుతుంటే రెండోవాడు చూస్తున్నట్టుగా నడుస్తుందా నవల. డి. హెచ్. లారెన్స్ ‘సన్స్ అండ్ లవర్స్’ (1913) లో సర్వజ్ఞ కథకుణ్ని తీసుకుని తల్లి మనసులోకీ, కొడుకు మనసులోకీ స్వేచ్ఛగా వెళ్లాడు. ప్రూస్త్ 1913 నుంచి 1927 దాకా వెలువడిన ఏడు సంపుటాల్లోనూ ‘నేను’నే నమ్ముకున్నాడు. అయితే ఆ ‘నేను’లో గుర్తు చేసుకునే పెద్దవాడూ, అప్పట్లో బతికిన కుర్రవాడూ ఒకరినుంచి ఒకరు విడిపోకుండా ఉంటారు.

వీళ్లందరి కథల్లోనూ, ఎవరు మాట్లాడినా, మాట్లాడేవాడికి జీవితం తర్వాత ఏమవుతుందో తెలుసు. ఆ తెలివిడి వాక్యాల్లో ఎక్కడో ఒకచోట బయటపడుతుంది. జాయిస్ వదులుకున్నది సరిగ్గా ఆ తెలివిడినే.

తొమ్మిది వందల పేజీలు పక్కన పెట్టడం

1904 జనవరిలో జాయిస్ ‘ఎ పోర్ట్రెయిట్ ఆఫ్ ది ఆర్టిస్ట్’ పేరుతో, కథా వ్యాసమూ రెండూ కలిసిన చిన్న రచన చేసి డబ్లిన్ పత్రిక ‘డానా’కు పంపాడు. వాళ్లు వెనక్కి పంపేశారు. ఆ వెంటనే దాన్ని పెద్ద నవలగా పెంచడం మొదలుపెట్టాడు. దానికి ‘స్టీఫెన్ హీరో’ అని పేరు సూచించింది తమ్ముడు స్టానిస్లాస్. అదే ఏడాది అక్టోబరులో ప్రియురాలు నోరా బార్నకల్‌తో కలిసి ఐర్లండ్ విడిచి, మొదట పోలాకూ, తర్వాత ట్రియెస్టేకూ వెళ్లినా రచన ఆపలేదు. 1905 నాటికి రాతప్రతి తొమ్మిది వందల పేజీలు దాటింది. కథ మాత్రం ఇంకా సగం దగ్గరే ఉంది.

అందులో మిగిలిన భాగం 1944లో అచ్చయింది. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చదివితే జాయిస్ ఏం చేశాడో కళ్లకు కడుతుంది. ‘స్టీఫెన్ హీరో’ కథకుడు స్టీఫెన్ పక్కన నిలబడి, అతని ఆలోచనలు ఎంత లోతైనవో, తోటి విద్యార్థులు ఎంత మందబుద్ధులో మనకు వివరిస్తుంటాడు. తమ్ముడు మారిస్ ఉన్నాడు, చెల్లెలు ఇజబెల్ చనిపోయే దృశ్యం ఉంది, ఎమ్మా క్లెరీ అనే అమ్మాయి పూర్తి పేరుతో, తన మాటలతో కనిపిస్తుంది. చదవడానికి బాగానే ఉంటుంది. కానీ కథకుడు స్టీఫెన్ తరఫున వకాల్తా పుచ్చుకున్నట్టు అడుగడుగునా తెలుస్తుంటుంది.

1907లో జాయిస్ దీన్ని పక్కన పెట్టి, అయిదే అధ్యాయాలుగా మళ్లీ రాయడానికి పూనుకున్నాడు. ఈసారి తమ్ముడు దాదాపు మాయమయ్యాడు. చెల్లెలి చావు పోయింది. ఎమ్మా పేరు చాలాచోట్ల రెండు అక్షరాలకు కుదించుకుపోయింది. స్టీఫెన్‌కు ఎవరి మీద దృష్టి నిలవదో వాళ్లకు నవలలోనూ చోటు లేదు. ఇది దృక్కోణం తెచ్చిన కత్తిరింపు. జీవితాన్ని దాచిపెట్టాలన్న ఉద్దేశం ఇందులో లేదు. 1911లో ఒకసారి విసుగొచ్చి ఆ రాతప్రతిని జాయిస్ మంటల్లో పడేస్తే, ఇంట్లో ఉన్న ఆయన చెల్లెలు బయటికి లాగింది. ఆమె ఆ పూట చేసిన సాయం చిన్నది కాదు. తర్వాత కవి ఎజ్రా పౌండ్ చొరవతో ‘ఈగోయిస్ట్’ పత్రిక తలుపులు తెరుచుకున్నాయి.

పాత్రతో పాటు పెరిగే గొంతు

నవల మొదటి పేజీలో పసివాడి ప్రపంచం ఉంది. తండ్రి చెప్పే ఆవు కథ, ఆయన ముఖం మీది వెంట్రుకలు, పక్క తడిసినప్పుడు ముందు వెచ్చగా, తర్వాత చల్లగా తగలడం, అమ్మ వాసన, నాన్న వాసన, పియానో మోత. అయిదు ఇంద్రియాలూ పేజీ దాటకుండానే వరసగా మేల్కొంటాయి. ‘అప్పుడు స్టీఫెన్ చాలా చిన్నవాడు’ అని చెప్పే పెద్దమనిషి అక్కడ లేడు. వాక్యాలే చిన్నపిల్లవాడివి. పొడిపొడిగా, ఒకదాని పక్కన ఒకటి చేరతాయే గానీ, ‘కాబట్టి’, ‘అందువల్ల’ అని ముడిపడవు.

బడికి వెళ్లాక వాక్యం కొంచెం సాగుతుంది. కారణాలు వెతుకుతుంది. కౌమారంలో కవిత్వం చదివిన కుర్రవాడి ఉద్వేగమంతా వచనంలోకి వచ్చి, విశేషణాలు బరువెక్కుతాయి. మూడో అధ్యాయంలో పాపభీతి పట్టుకున్నప్పుడు వచనం ప్రార్థన లయలోకి వెళుతుంది. నాలుగులో భక్తి దినచర్యగా మారినప్పుడు అదే వచనం జమాఖర్చుల పుస్తకంలా పొడిగా తయారవుతుంది. అయిదో అధ్యాయంలో కాలేజీ కుర్రవాడి తర్కం, వాదన, ఉదాహరణలు. కథకుడు ప్రథమ పురుషను దాదాపు చివరిదాకా విడిచిపెట్టడు, కానీ ఆ ప్రథమ పురుషలో మాట్లాడేది ఎప్పటికప్పుడు ఆ వయసు స్టీఫెన్.

ఈ పద్ధతి మొలకలు జేన్ ఆస్టిన్ దగ్గరా, ‘మదామ్ బొవరీ’ (1857) రాసిన ఫ్లోబేర్ దగ్గరా ఉన్నాయి. పాత్ర ఆలోచనను ‘అనుకున్నాడు’ అనే తోక లేకుండా కథకుడి వాక్యంలోనే కలిపేయడం వాళ్లు చేసి చూపించారు. అయితే ఆస్టిన్, ఫ్లోబేర్‌లు పాత్ర మనసులోకి వెళ్లి మళ్లీ తమ గొంతులోకి తిరిగివస్తారు. జాయిస్‌కు ఈ నవలలో తిరిగి రావడానికి వేరే గొంతంటూ ఉండదు.

కళ్లజోడు పగిలిన రోజు

ఒక దృశ్యాన్ని దగ్గరగా చూస్తే ఈ పద్ధతి బలం తెలుస్తుంది. క్లాంగోస్‌లో స్టీఫెన్ కళ్లజోడు పగిలిపోతుంది. సైకిల్ తగిలి కిందపడటమే కారణం. అద్దాలు వచ్చేదాకా రాయనక్కర్లేదని తరగతి ఉపాధ్యాయుడు ఫాదర్ ఆర్నల్ అనుమతిస్తాడు. అంతలో చదువుల పర్యవేక్షకుడు ఫాదర్ డోలన్ బెత్తంతో తరగతిలోకి వస్తాడు. రాయకుండా కూర్చున్న స్టీఫెన్‌ను చూసి, ఇదంతా పని ఎగ్గొట్టే నాటకమని చెయ్యి చాపమంటాడు. చాపిన చేతిని తిన్నగా పెట్టడానికి తన వేళ్లతో పట్టుకుంటాడు. ఆ స్పర్శ మెత్తగా ఉంటుంది. దెబ్బకు ముందు ఆ మెత్తదనాన్ని గమనించగలిగింది పిల్లవాడే.

దెబ్బ పడ్డాక వాక్యాలు పొడుగవుతాయి. మోత, మంట, వణుకు, గొంతులోంచి తన్నుకొస్తున్న ఏడుపు, అన్నీ ఊపిరి తిప్పుకోనివ్వకుండా ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి. ఆ తర్వాత స్టీఫెన్‌కు తన చేతులను తలుచుకుంటే జాలి వేస్తుంది. అవి తనవి కానట్టు, వేరెవరివో అయినట్టు. పిల్లల మనసు తెలిసిన రచయిత పట్టుకోగల సంగతి ఇది. ఇక్కడ కథకుడు ఫాదర్ డోలన్‌ను ఒక్క మాట అనడు. బడి నడిపే జెసూట్ మతగురువుల విద్యావిధానం మీద వ్యాఖ్యానం చేయడు. పిల్లవాడి బుర్రలో తిరుగుతున్న రెండే రెండు మాటలు, అన్యాయం, క్రూరం అన్నవి, పదేపదే వస్తాయి.

స్టీఫెన్ ధైర్యం చేసి రెక్టర్ ఫాదర్ కాన్మీ గదికి వెళ్లి ఫిర్యాదు చేస్తాడు. రెక్టర్ మంచిగా మాట్లాడతాడు. తోటి పిల్లలు స్టీఫెన్‌ను పైకెత్తి జేజేలు కొడతారు. మొదటి అధ్యాయం గెలుపుతో ముగుస్తుంది. రెండో అధ్యాయంలో ఒకరోజు భోజనాల దగ్గర తండ్రి ఒక కబురు తెస్తాడు. ఫాదర్ కాన్మీ కనిపించాడట. ఆ ఫిర్యాదు సంగతి తలుచుకుని వాళ్లంతా పగలబడి నవ్వుకున్నారట. తండ్రి కూడా నవ్వుతూనే చెబుతాడు. స్టీఫెన్‌కు అది విని ఏమనిపించిందో జాయిస్ రాయలేదు. సర్వజ్ఞ కథకుడైతే మొదటి అధ్యాయంలోనే ఈ సంగతి మన చెవిన వేసేవాడు, అప్పుడు పిల్లవాడి గెలుపును మనం చిరునవ్వుతో చూసేవాళ్లం. ఇక్కడ స్టీఫెన్‌తో పాటు మనమూ గెలిచాం, స్టీఫెన్‌తో పాటే మనకూ ఆ గెలుపు చేజారింది.

క్రిస్మస్ భోజనం దృశ్యమూ ఇలాంటిదే. ఐరిష్ నాయకుడు పార్నెల్ 1891 అక్టోబరులో చనిపోయాడు. అతన్ని కూలదోసింది మతగురువులని సైమన్ మిత్రుడు మిస్టర్ కేసీ, కాదు అతని పాపమేనని డాంటీ అనే పెద్దావిడ కొట్లాడుకుంటారు. మొదటిసారి పెద్దవాళ్ల బల్ల దగ్గర కూర్చున్న పిల్లవాడు వింటాడు. ఈ గొడవ వెనకున్న చరిత్రను జాయిస్ ఎక్కడా వివరించడు. వివరిస్తే పిల్లవాడి కుర్చీలోంచి లేచి పెద్దవాళ్ల కుర్చీలోకి వెళ్లాల్సి వచ్చేది. దృశ్యం చివర స్టీఫెన్ తలెత్తి చూస్తే తండ్రి కళ్లలో నీళ్లుంటాయి. ఆ నీళ్ల బరువు తెలియడానికి రాజకీయం తెలిసి తీరాలని లేదు.

అంకుల్ చార్లెస్ నడక

కథకుడి గొంతు స్టీఫెన్‌ను ఒక్కడినే అనుకరిస్తుందనుకోవడం పొరపాటు. రెండో అధ్యాయం మొదట్లో అంకుల్ చార్లెస్ అనే ముసలాయన వస్తాడు. ఆయన పొగాకు కంపు సైమన్ భరించలేడు కాబట్టి, పొద్దున్నే పెరటి గదికి వెళ్లి పైపు కాల్చుకుంటాడు. వెళ్లేముందు జుట్టుకు నూనె రాసి దువ్వుకుని, పొడుగు టోపీ పెట్టుకుంటాడు. ఆ వెళ్లడాన్ని చెప్పడానికి జాయిస్ మామూలు క్రియ వాడకుండా, పాత పుస్తకాల్లోని గంభీరమైన క్రియ వాడాడు. తెలుగులో ‘వేంచేశాడు’ అన్నంత బరువు దానిది. రచయిత విండమ్ లూయిస్ 1927లో ఇది చచ్చు వచనమని ఎత్తిపొడిచాడు. దానికి విమర్శకుడు హ్యూ కెన్నర్ 1978లో జవాబిచ్చాడు. ఆ మాట జాయిస్‌ది కాదు, అంకుల్ చార్లెస్‌ది. తన నడక గురించి చెప్పుకోవలసి వస్తే ఆ ముసలాయన వాడుకునే మాటే కథకుడి వాక్యంలోకి వచ్చింది. అప్పటి నుంచి విమర్శకులు దీన్ని ‘అంకుల్ చార్లెస్ సూత్రం’ అంటున్నారు. నా లెక్కలో జాయిస్ శైలి గురించి ఇంతకంటే ఉపయోగపడే పరిశీలన మరొకటి రాలేదు. పాత్ర మాట్లాడకపోయినా, ఆలోచించకపోయినా, ఆ పాత్ర దగ్గరికి రాగానే కథనంలోని మాటలకు ఆ పాత్ర రంగు అంటుకుంటుంది.

సంభాషణల అచ్చులోనూ ఇదే పట్టుదల. మాటల చుట్టూ కొటేషన్ గుర్తులంటే జాయిస్‌కు గిట్టేది కాదు. వాక్యం ముందు ఒక గీత పెట్టి వదిలేసేవాడు. మాట మొదలైన చోటు తెలుస్తుంది గానీ, ముగిసిన చోటు గుర్తు ఏదీ ఉండదు. కథనానికీ సంభాషణకూ నడుమ గోడ పలచబడుతుంది.

మూడో అధ్యాయంలో వచ్చే నరకం ప్రసంగాలు మాత్రం వేరు. బెల్వెడేర్‌లో జరిగే ధ్యాన దినాల్లో ఫాదర్ ఆర్నల్ నరకయాతనలను పేజీల తరబడి వర్ణిస్తాడు. చీకటి, దుర్వాసన, ఆరని మంట, అంతం లేని కాలం. ఇందులో చాలావరకు 17వ శతాబ్దపు ఇటలీ జెసూట్ పినమోంటి రాసిన మతబోధ పుస్తకం నుంచి తీసుకున్నదే. చాలామంది పాఠకులు ఇక్కడ విసుగుపడతారు. కానీ పదహారేళ్ల స్టీఫెన్ బుర్రలో ఆ సమయంలో సొంత ఆలోచనకు చోటు లేదు. పరాయి గొంతు అతన్ని పూర్తిగా ఆక్రమించింది కాబట్టి పేజీలనూ ఆక్రమించింది. ప్రసంగాన్ని కుదించి సారాంశం చెప్పి ఉంటే స్టీఫెన్ భయం మనకు కబురుగా మిగిలేది.

రచయిత ఎక్కడ నిలబడ్డాడు

ఇంత దగ్గరగా నడిచే కథనం ఒక చిక్కు తెచ్చిపెట్టింది. అయిదో అధ్యాయంలో స్టీఫెన్ పొద్దున్నే పక్కమీద మేలుకొని విలనెల్ అనే రకం పద్యం ఒకటి రాస్తాడు. వచనమంతా ధూపం, గులాబీ రంగు వెలుగు, పారవశ్యం. ఈ కవిత మంచిదేనని జాయిస్ అనుకుంటున్నాడా, లేక ఇరవయ్యేళ్ల కుర్రవాడి మోజు ఇలాగే ఉంటుందని చూపిస్తున్నాడా? కథకుడు పెదవి విప్పడు. విమర్శకుడు వేన్ బూత్ 1961లో ‘ది రెటరిక్ ఆఫ్ ఫిక్షన్’లో ఇదొక లోపమని గట్టిగా వాదించాడు. రచయిత తీర్పు ఏమిటో తెలియకపోతే పాఠకుడు దిక్కుతోచక నిలబడతాడన్నది అతని ఫిర్యాదు. అంతకుముందే కెన్నర్ స్టీఫెన్‌ను జాయిస్ ఎడంగా నిలబెట్టి, విమర్శగానే చూపించాడని అన్నాడు.

జాయిస్ తన మిత్రుడు ఫ్రాంక్ బడ్జెన్‌తో, శీర్షిక చివరి మాటలను జనం మరిచిపోతున్నారని అన్నాడు. ఇది యువకుడిగా ఉన్నప్పటి చిత్తరువు. రాయడం ముగించేనాటికి రచయిత ముప్పయి దాటినవాడు. ఆ వయసు తేడా నవలలో వ్యాఖ్యానంగా ఎక్కడా కనిపించదు, అమరికలో కనిపిస్తుంది. ప్రతి అధ్యాయమూ ఒక ఉత్సాహ శిఖరం మీద ముగిసి, తర్వాతిది నేలమీద మొదలవుతుంది. నాలుగో అధ్యాయం చివర సముద్రపు ఒడ్డున నీళ్లలో నిలబడ్డ అమ్మాయిని చూసి స్టీఫెన్ తన దారి తెలిసిందని పొంగిపోతాడు. అయిదో అధ్యాయం తెరుచుకునేసరికి పేదింటి వంటగదిలో పలచటి టీ, తాకట్టు చీటీలు. బూత్ అడిగిన తీర్పు ఈ ముగింపులకూ ప్రారంభాలకూ మధ్య ఉందని నేను నమ్ముతాను. అది చదివేవాళ్లను తికమక పెట్టదు, వాళ్ల మీద నమ్మకం పెట్టుకుంటుంది.

చివర్లో వచ్చే ‘నేను’

నవల ఆఖరి పేజీల్లో కథనం హఠాత్తుగా మారిపోతుంది. మార్చి 20 నుంచి ఏప్రిల్ 27 దాకా స్టీఫెన్ రాసుకున్న డైరీ మొదలవుతుంది. ప్రథమ పురుష పోయి ఉత్తమ పురుష వస్తుంది. ముక్కలు ముక్కలుగా, ఎవరికోసమో కాక తనకోసం రాసుకున్న మాటలు.

ఇదే అధ్యాయంలో స్టీఫెన్ స్నేహితుడు లించ్‌కు ఒక సిద్ధాంతం చెప్పి ఉంటాడు. కళ భావగీతంతో మొదలై, ఇతిహాసం మీదుగా నాటకానికి ఎదుగుతుంది. ఆ దారిలో కళాకారుడి వ్యక్తిత్వం క్రమంగా తెరవెనక్కి పోతుంది. ఉదాహరణగా ‘టర్పిన్ హీరో’ అనే పాత ఇంగ్లిష్ బాలడ్‌ను చూపిస్తాడు. అది ఉత్తమ పురుషలో మొదలై ప్రథమ పురుషలో ముగుస్తుంది. జాయిస్ తన మొదటి ప్రతికి పెట్టుకున్న ‘స్టీఫెన్ హీరో’ పేరులో ఆ బాలడ్ వినిపిస్తుంది. కానీ స్టీఫెన్ సిద్ధాంతం చెబుతున్న నవల సరిగ్గా ఎదురు దారిలో నడిచి, ప్రథమ పురుషలో మొదలై ఉత్తమ పురుషలో ముగుస్తుంది. అంటే స్టీఫెన్ ఇంకా తన సిద్ధాంతం మొదటి మెట్టు దగ్గరే ఉన్నాడు. చివరి మెట్టు ఎక్కింది అతన్ని రాసిన జాయిస్. డైరీ కింద రెండు ఊళ్లు, రెండు ఏళ్లు అచ్చై ఉంటాయి: డబ్లిన్ 1904, ట్రియెస్టే 1914.

‘యులిసెస్’ (1922) లో స్టీఫెన్ మళ్లీ కనిపిస్తాడు. ప్యారిస్ నుంచి తిరిగొచ్చి, చనిపోయిన తల్లి కోసం నల్లబట్టలు వేసుకుని ఉంటాడు. ఆ నవల మూడో అధ్యాయంలో సముద్రపు ఒడ్డున అతను నడుస్తుంటే ‘అతను’, ‘నేను’ ఒకే పేరాలో చెప్పాపెట్టకుండా చోట్లు మార్చుకుంటాయి. ‘పోర్ట్రెయిట్’లో విడివిడిగా ఉంచిన కథనమూ డైరీ అక్కడ ఒకటైపోయాయి. ఇలా పాత్ర ఆలోచనల ప్రవాహాన్నే కథనంగా మార్చే పద్ధతికి పేరు చైతన్య స్రవంతి. ఆ పేరును సాహిత్యానికి రచయిత్రి మే సింక్లెయిర్ 1918లో ఈ ‘ఈగోయిస్ట్’ పత్రికలోనే వాడింది, కానీ జాయిస్ గురించి కాదు, డొరోతీ రిచర్డ్‌సన్ నవలల గురించి.

తెలుగులో

తెలుగులో చైతన్య స్రవంతి అనగానే ఎక్కువమంది చెప్పే నవల నవీన్ ‘అంపశయ్య’ (1969). ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకునే రవి ఒక రోజు జీవితమే అందులో కథ. నవీన్ కూడా అక్కడ చదివినవాడే. జాయిస్ పసితనం నుంచి యౌవనం దాకా అయిదు అధ్యాయాల్లో నడిస్తే, నవీన్ ఒక్క రోజు గంటల్లోకి రవి పల్లెనూ పేదరికాన్నీ కోరికలనూ ఆత్మన్యూనతనూ జ్ఞాపకాలుగా లాక్కొచ్చాడు. ‘పోర్ట్రెయిట్’లో మాదిరి గొంతు వయసుతో పెరగడం ఇందులో కుదరదు, ఆ అవసరమూ లేదు. రవి ఎదుగుదలను ఆయన ‘ముళ్లపొదలు’, ‘అంతస్స్రవంతి’ నవలల్లోకి సాగదీశాడు.

పిల్లవాడి గొంతు విషయంలో తెలుగువాళ్లకు దగ్గరి ఉదాహరణ నవలలో కాక కథల్లో దొరుకుతుంది. నామిని సుబ్రమణ్యం నాయుడు ‘పచ్చనాకు సాక్షిగా’ కథల్లో తన బాల్యాన్ని ఉత్తమ పురుషలో, చిత్తూరు జిల్లా పల్లె పలుకుబడిలో చెప్పాడు. డికెన్స్ ‘నేను’లా అది పెద్దమనిషి నేను కాదు. జాయిస్ కథకుడిలా వయసుతో మారే గొంతూ కాదు. ఆ ఊరి కుర్రవాడు ఆ ఊరి మాటల్లోనే మాట్లాడతాడు, పాఠకుడికి తెలియని మాట వచ్చినా ఆగి అర్థం చెప్పడు.